ఇంటికో మెయిలు, ఇద్దరి ఓట్లు

పోయినవారం తప్పిపోయిన వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి కథలోకి వెళ్తాను. ఇంగ్లండులోని కోవెంట్రీలో మన తెలుగువాళ్ళ సంఘానికి అధ్యక్ష ఎన్నికలు వచ్చాయి. ఆరేళ్ళుగా కార్యదర్శిగా చాకిరీ చేస్తున్న కిరణ్మయి ఈసారి అధ్యక్ష పదవికే నిలబడింది. ఆమె ఆసుపత్రిలో ఫార్మసిస్టు. పోటీగా నిలబడ్డవాడు కార్ల కంపెనీలో ఇంజనీరు జయకృష్ణ. మంచివాడు, అందరితో నవ్వుతూ మాట్లాడతాడు. అదే వచ్చిన చిక్కు. రెండేళ్ళ క్రితం నీలిమ ఇదే పదవికి పోటీ చేసి ఒకే ఒక్క ఓటుతో ఓడిపోయింది. ఆ తర్వాత ఉద్యోగం మార్చుకుని ఎడిన్‌బర్గ్ వెళ్ళిపోయింది. పుట్టి ముప్ఫై ఏళ్ళయినా ఈ సంఘానికి ఇంతవరకూ ఆడమనిషి అధ్యక్షురాలు కాలేదు. శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి ఆన్‌లైన్ ఓటింగు మొదలు, ఆదివారం సాయంత్రం దాకా. గురువారం పొద్దున, ఎన్నికల అధికారి డాక్టర్ రామమోహనరావు గారు కిరణ్మయికి ఫోన్ చేశారు. "అమ్మా, ఒక్కదానివే రా. నీ వెంట తిరిగే ఆ స్నేహితురాలు హైమను కూడా తీసుకురావద్దు," అన్నారు. అక్కడ ఆగాం.

కారులో వెళ్తున్నంతసేపూ కిరణ్మయి తాను చేసిన తప్పేమిటా అని వెతుక్కుంటూనే ఉంది. ఆమె స్వభావమే అంత. ఎవరైనా "ఒకసారి మాట్లాడాలి" అంటే చాలు, తప్పు తనదేనని ముందే ఒప్పేసుకుని బయల్దేరుతుంది. మూడు వారాలుగా ఇల్లిల్లూ తిరిగి ఓట్లు అడిగినప్పుడూ అంతే. "నువ్వు ప్రెసిడెంటువైతే మీ ఆయన ప్రసాద్ గారికి వంటెవరు చేస్తారు?" అన్నవాళ్ళకి, ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో పొద్దుటి వంట ప్రసాదే చేస్తున్నాడన్న మాట చెప్పకుండా నవ్వి ఊరుకుంది. "ఉగాది పూజలో పీటల మీద ప్రెసిడెంటు దంపతులు కదా కూర్చోవాలి, మరి మీరైతే ఎలా?" అని ఒక పెద్దాయన నిజంగానే బెంగపడ్డారు. అప్పుడు కూడా కూర్చునేది ఒక మొగుడూ ఒక పెళ్ళామేనని ఆయనకు తట్టనే లేదు. జయకృష్ణని మాత్రం ఇంట్లో వంట గురించి అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఇవన్నీ రాస్తుంటే నాకు ఒళ్ళు మండుతోంది గానీ కిరణ్మయికి మండదు. మండినా కనిపించనివ్వదు.

రామమోహనరావు గారికి డెబ్బై అయిదేళ్ళు. ఇదే ఊళ్ళో జీపీగా, అంటే ఫ్యామిలీ డాక్టరుగా, పనిచేసి రిటైరయ్యారు. సంఘం పెట్టిన అయిదుగురిలో ఇప్పటికీ మీటింగులకు వచ్చేది ఆయనొక్కరే. కిరణ్మయిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, టీ తనే కలిపి తెచ్చి, కాగితాల కట్ట ఒకటి ముందు పెట్టారు.

"ఓటర్ల జాబితా అమ్మా ఇది. పోటీలో ఉన్నవాళ్ళిద్దరికీ చూపించాలని రూలు. జయకృష్ణకి పొద్దున్నే పంపించాను. నీకు మాత్రం ఒక్కదాన్నే ఎదురుగా కూర్చోబెట్టి చూపిద్దామనిపించింది, ఎందుకో చూస్తే నీకే అర్థమవుతుంది."

కిరణ్మయి పేజీలు తిప్పింది. ఒక్కో కుటుంబానికి రెండు వరసలు. పై వరసలో భర్త పేరు, కింది వరసలో భార్య పేరు, అడ్రసు, ఫోను నంబరు, చివర మెయిలు.

"అన్నీ సరిగానే ఉన్నాయి కదా అంకుల్. పేర్లేవీ పోలేదు."

"పేర్లు పోలేదు. ఆ చివరి గడి చూసుకుంటూ వెళ్ళు."

చూసింది. మొదటి ఇంట్లో భర్తకీ భార్యకీ ఒకటే మెయిలు. రెండో ఇంట్లోనూ అంతే. మూడో ఇంట్లో వేరువేరుగా ఉన్నాయి. నాలుగు, అయిదు, ఆరు మళ్ళీ ఒకటే. పేజీ తిప్పింది. తిప్పేకొద్దీ ఆమె చెయ్యి నెమ్మదించింది.

"నూట ఎనభై ఇళ్ళు," అన్నారు డాక్టరు గారు. "అందులో నూట యాభై రెండు ఇళ్ళలో ఇద్దరికీ కలిపి ఒకటే మెయిలు. అది ఇంట్లో ఎవరి మెయిలో నేను చెప్పక్కర్లేదు. రేపు పొద్దున మనిషికో లింకు చొప్పున రెండు లింకులూ దానికే పోతాయి. ఆయన కాఫీ తాగుతూ రెండూ నొక్కేస్తాడు. ఆవిడకు ఓటింగు మొదలైందని కూడా తెలీదు."

"కానీ సంఘం రూల్సులో మనిషికో ఓటు అని ఉంది కదా."

"ఉంది. నేనే రాశాను. ఇదుగో, ఈ మెంబర్షిప్ ఫారం ఎవరు తయారు చేశారో గుర్తుందా?"

గుర్తుంది. కోవిడ్ రోజుల్లో హాళ్ళన్నీ మూసేశాక, సంఘం ఆన్‌లైన్లోకి మారినప్పుడు, డ్యూటీ నుంచి వచ్చి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని తనే తయారుచేసింది. ఒకే ఇంటికి రెండేసి మెయిళ్ళు వెళ్తున్నాయని కొందరు విసుక్కుంటే, "ఇంటికో మెయిలు చాలు" అని, వేరుగా కావాలని అడిగిన కొద్దిమందికి తప్ప అందరికీ ఒకటే గడి పెట్టింది. అందరూ హాయిగా ఉందన్నారు. కమిటీలో చప్పట్లు కూడా కొట్టారు. ఆ తర్వాత జరిగిన ఎన్నికలన్నీ ఆ ఫారం మీదే జరిగాయి.

"నేనే చేశాను అంకుల్," అంది. ఆమె మొహం పాలిపోయింది.

"నీ ఒక్కదాని పాపం కాదులే. అంతకు ముందు హాల్లో పెట్టె పెట్టి ఓటింగు జరిపినప్పుడు మాత్రం ఏం వెలగబెట్టాం? మీరంతా వంటింట్లో పులిహోర కలుపుతూ ఉండేవాళ్ళు. మొగుడు వచ్చి 'మా ఇంటివి' అని రెండు చీటీలూ వేసి పోయేవాడు. పెట్టె పక్కన కుర్చీలో కూర్చుంది నేనే. పోయిన మా ఆవిడ చీటీ కూడా ఎప్పుడూ నేనే వేశాను. ఎవరికి వేయమంటావని ఒక్కసారైనా అడిగినట్టు గుర్తులేదమ్మా."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. 

"ఇప్పుడేం చేయాలి?" అంది కిరణ్మయి.

"జాబితాలో మార్పు కావాలంటే ఈ సాయంత్రం అయిదులోపు అభ్యర్థులిద్దరూ సంతకం పెట్టాలి. పెడితే, ఎవరి మెయిలు వాళ్ళు పంపితేనే వాళ్ళకి లింకు పోతుంది. ఒక మెయిలుకి ఒకటే ఓటు. ఇద్దరిలో ఒక్కరు పెట్టకపోయినా ఉన్నది ఉన్నట్టే జరుగుతుంది. నేను అటూ కాదు, ఇటూ కాదు. చెప్పడం వరకే నా పని."

బయటికి వచ్చి కారులో కూర్చున్నాక గానీ కిరణ్మయికి అసలు సంగతి తట్టలేదు. 

ఆమె భర్త ఆంజనేయప్రసాద్ ఐటీలో ప్రాజెక్ట్ మేనేజరు. ఊళ్ళో ఉన్న మగవాళ్ళలో సగం మంది అతనితో క్రికెట్ ఆడేవాళ్ళో, అతను ఉద్యోగం వేయించినవాళ్ళో. ఆడవాళ్ళ దగ్గరికి కిరణ్మయి, హైమ తిరుగుతుంటే, మగవాళ్ళ సంగతి ప్రసాద్ చూసుకున్నాడు. తొంభై అయిదు ఇళ్ళ నుంచి మాట తీసుకున్నాడు. "మా ఇంట్లో రెండు ఓట్లూ మీ ఆవిడకే" అని. మొత్తం మూడువందల అరవై ఓట్లలో ఆ నూట తొంభై చాలు, మిగతా ఊరంతా జయకృష్ణకి వేసినా ఆమె గెలుస్తుంది. అంటే ఈ తప్పుడు జాబితా ఇలాగే ఉంటే రేపు కాబోయే ప్రెసిడెంటు కిరణ్మయే. సరిదిద్దమని సంతకం పెడితే ఏమవుతుందో ఆమెకే కాదు, ఎవరికీ తెలీదు.

ఆడవాళ్ళంతా నాకే వేస్తారు కదా, భయం దేనికి, అని తనకు తనే ధైర్యం చెప్పుకుంది. ఆ ధైర్యం నిజమో కాదో తేల్చుకోవడానికి ఇంటికి పోకుండా పుష్పలీల ఇంటివైపు కారు తిప్పింది.

పుష్పలీలది కరీంనగర్. ఇక్కడ ప్రైమరీ స్కూల్లో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వడ్డించే పని చేస్తుంది. పోయిన ఆదివారం పదిమంది ఆడవాళ్ళ మధ్య "నా ఓటు కిరణక్కకే" అని అందరికంటే ముందు చెయ్యెత్తింది. ఇప్పుడే పని నుంచి వచ్చినట్టుంది, ఇంకా స్కూలు యూనిఫామ్‌లోనే తలుపు తీసింది.

కిరణ్మయి జాబితా సంగతంతా చెప్పింది. పుష్పలీల సోఫా అంచున కూర్చుని విన్నది.

"అంటే నాకో ఓటున్నదా?" అంది.

"ఉంది. నువ్వు మెంబరై తొమ్మిదేళ్ళు."

"నేను ఇంటికి ఒకటే ఓటనుకున్న. మా ఆయన దినేశ్ వేస్తడు, అయిపోతది అనుకున్న." కాసేపు చేతులు చూసుకుంది. "అక్కా, నువ్వు ఇంత చెప్పినవు కాబట్టి నేనూ ఒక మాట జెప్త. నువ్వు మనసుల పెట్టుకోవద్దు."

"చెప్పు."

"మొన్న అందరి ముంగట అడిగితే కాదనలేక చెయ్యెత్తిన. నాకు ఓటొస్తే నీకేస్తనో లేదో నాకే తెల్వదు."

కిరణ్మయి నవ్వబోయింది. ఈసారి నవ్వు రాలేదు.

"జయకృష్ణన్న మంచోడు. మా దినేశ్‌కు యాక్సిడెంటైనప్పుడు రోజూ పనయినంక హాస్పిటల్‌కు వచ్చి కూసున్నడు. నువ్వూ మంచిదానివే. కానీ ప్రెసిడెంటంటే కౌన్సిలోళ్ళతోని కొట్లాడాలె, హాలోళ్ళతోని కొట్లాడాలె. నువ్వు అందరికీ సరే అంటవు. అచ్చం నా లెక్కనే. నాకు నా మీదనే నమ్మకం లేదక్కా, ఇగ నీ మీద ఎట్ల రావాలె?"

ఈ మాట దగ్గర నేనూ కలం ఆపి ఆలోచించాను. మగవాళ్ళు ఆడదానికి ఓటు వేయరని మనం ఎన్ని కబుర్లయినా చెప్పుకుంటాం. ఆడది ఆడదానికి ఎందుకు వేయదో ఇంత సూటిగా పుష్పలీలే చెప్పింది. ఆమెకి కిరణ్మయి మీద అసూయ లేదు, కోపం లేదు. ఎదురుగా ఉన్న మనిషిలో తన బెదురే కనిపించింది.

"పోనీలే. నిజం చెప్పావు, అదే చాలు," అని కిరణ్మయి లేచింది. 

"యాడికి పోతున్నవ్? కూసో. నా మెయిలు రాసుకో."

"నాకు వేయవేమో అన్నావుగా."

"ఎవరికేస్తనో అది నా ఇష్టం. ఆ రెండు దినాలు ఆలోచన చేస్త. ఓటైతే నాదే కదా, అది నాకు రావాలె." పుష్పలీల ఫోను తీసి వెతికింది. "స్కూలోళ్ళు పేస్లిప్ పంపే మెయిలొకటి ఉన్నది. అది దినేశ్‌కు తెల్వదు. ఇగో, రాసుకో."

కిరణ్మయి జాబితా వెనక కాగితం మీద రాసుకుంది. మూడు వారాల ప్రచారంలో ఆమె ఓటు అడక్కుండా బయటికి వచ్చిన మొదటి ఇల్లు అది. కారు దగ్గరికి నడుస్తుంటే ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. ఓడిపోతానేమోనన్న ఏడుపు కొంత ఉంది, కాదనను. ఎక్కువ భాగం మాత్రం, తొమ్మిదేళ్ళు తన పక్కనే నిలబడి వడ్డన చేసిన మనిషికి ఓటుందని తాను ఒక్కసారైనా చెప్పలేదే అన్నదాని గురించి.

ఇంటికి వచ్చేసరికి మూడున్నర. ప్రసాద్ ఇంటి నుంచే పని చేస్తున్నాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎవరితోనో మీటింగులో ఉన్నాడు. ఆమె గుమ్మం దగ్గర నిలబడి అది అయ్యేదాకా ఆగింది. దారిలో ఆమెకు ఒక పాత సంగతి గుర్తొచ్చింది. గుర్తొచ్చిన దగ్గర్నుంచి మరో ఆలోచన పోలేదు.

"ఏవండీ, రెండేళ్ళ కిందట ఎన్నికల్లో నా ఓటు ఎవరు వేశారు?"

"నేనే వేశాను. నువ్వే కదా వేయమన్నావు? ఆ రోజు నీకు లేట్ షిఫ్టు."

"ఎవరికి వేయమన్నాను?"

"నీలిమకి."

"ఎవరికి వేశారు?"

ప్రసాద్ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. వాటి వైరు అక్కర్లేకపోయినా చుట్ట చుట్టాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో అతను ఆమెతో అబద్ధమాడింది తక్కువ. ఆడినప్పుడు వెంటనే దొరికిపోయేవాడు. ఇది మాత్రం అబద్ధం ఆడింది కాదు, ఆమె అడగలేదు కాబట్టి అతను చెప్పలేదు.

"అవతలాయనకి వేశాను," అన్నాడు. "రెండూ."

కిరణ్మయి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఒక్క ఓటు. ఆ ఒక్క ఓటు ఇటు పడి ఉంటే నీలిమ ఒక్క ఓటుతో గెలిచేది. ఫలితాల రోజు హాల్లో మైకు ముందు నిలబడి ఫలితం చదివింది తనే. కిందికి దిగి నీలిమను పట్టుకుని ఏడ్చింది తనే. "మాటిచ్చిన వాళ్ళలో ఎవరో తప్పారు కిరణ్," అని నీలిమ అంటే, "వాళ్ళెవరో తెలిస్తే మళ్ళీ జన్మలో వాళ్ళ మొహం చూడను," అని అన్నది కూడా తనే.

"ఎందుకు?" అంది.

"ఆ ఏడాది నువ్వు రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయావు. జీపీ ఏమన్నాడు? పని తగ్గించుకోమన్నాడు. నీలిమ గెలిస్తే పనంతా నీ నెత్తిన పడేసేది, నువ్వు కాదనేదానివి కాదు. అవతలాయనకైతే ఆయన మనుషులు ఆయనకున్నారు. నీకు కాస్త ఊపిరాడుతుందనుకున్నాను."

"నాతో చెప్పొచ్చుగా ఆ మాట."

"చెప్పాను. మూడుసార్లు చెప్పాను. నువ్వు విన్లేదు."

"నేను వినలేదని నా ఓటు మీరు తీసేసుకుంటారా?"

 ప్రసాద్ మొహం చూస్తే నాకే జాలేసింది. భార్య ఆరోగ్యం కోసమే చేశాడు, అందులో అనుమానం లేదు. ఆసుపత్రి మంచం పక్కన ఆ రెండుసార్లూ అతను ఎలా కూర్చున్నాడో కిరణ్మయికి తెలుసు. ఆ ప్రేమ అబద్ధం కాదని తెలిసినందువల్లే కోపం ఎటు పోవాలో తెలియక అక్కడే తిరిగింది. తిట్టడానికి వీల్లేని తప్పు చేసిన మనిషితో బతకడం చాలా కష్టం.

ఆమె జాబితా అతని ముందు పెట్టి, డాక్టరు గారు చెప్పిందంతా చెప్పింది. పుష్పలీల మాట కూడా దాచలేదు.

"నేను సంతకం పెడుతున్నాను," అంది. "మనింట్లో జరిగిందే నూట యాభై రెండు ఇళ్ళలో జరుగుతోంది."

"ఇప్పుడా?" అన్నాడు ప్రసాద్. "రేపు పొద్దున ఓటింగు పెట్టుకుని? ఎన్నికలయ్యాక మార్చుకో. నువ్వే ప్రెసిడెంటువవుతావు, నీ చేతుల్లోనే ఉంటుంది. నా తొంభై అయిదు ఇళ్ళు పక్కా. కిరణా, నువ్వు గెలిచేశావు, తెలుసా నీకు?"

"వాళ్ళు ఎందుకు వేస్తామన్నారు నాకు?"

"ఎందుకేంటి? నేనడిగాను."

"అది కాదు. ఏమని అన్నారు? ఒక్కళ్ళయినా ఏదో ఒకటి అనే ఉంటారు కదా."

ప్రసాద్ ల్యాప్‌టాప్ మూసేశాడు. చెప్పకుండా తప్పించుకోవచ్చు. కానీ ఇవాళ ఇంకో సంగతి దాచే ఓపిక అతనికి లేదు.

"పేరుకి ఆవిడ, నడిపేది నువ్వేగా బావా, అన్నారు," అన్నాడు. "దాదాపు అందరూ అదే అన్నారు."

"మీరేమన్నారు?"

"నవ్వి ఊరుకున్నాను."

ఆ నవ్వు ఎలాంటిదో కిరణ్మయికి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. మూడు వారాలుగా గుమ్మం గుమ్మం దగ్గరా తానూ అదే నవ్వింది. ఇద్దరూ అలా నవ్వుకుంటూ పోయి ఒక ఎన్నిక గెలవబోతున్నారు. గెలిచాక అధ్యక్షుల పేర్ల బోర్డు మీద ఆమె పేరే ఉంటుంది, ఊరు మాత్రం ప్రసాద్‌ని ప్రెసిడెంటనుకుంటుంది. ఆడదానికి ఓట్లెందుకు పడవో అని బాధపడ్డ మనిషికి, ఓట్లు పడితే ఇలా పడతాయని ఇవాళే తెలిసింది.

"తాళాలు తీసుకోండి," అంది లేచి. "మీరూ రండి. అయిదులోపు అక్కడుండాలి."

జయకృష్ణకి కారులోంచే ఫోన్ చేసింది. అతను ఎక్కువ ప్రశ్నలేమీ వేయకుండా "వస్తున్నానక్కా," అన్నాడు. వీళ్ళు చేరేసరికి డాక్టరు గారి ఇంటి ముందు నిలబడి ఉన్నాడు. ఆఫీసు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, మెడలో కార్డు కూడా తీయలేదు.

లోపల రామమోహనరావు గారు కాగితం సిద్ధంగా పెట్టారు. జయకృష్ణ దాన్ని రెండుసార్లు చదివాడు.

"జాబితా పొద్దున్నే చూశానక్కా," అన్నాడు. "నాకూ కనిపించింది. కానీ నేనుగా అడగలేదు. ప్రసాదన్న ఎన్ని ఇళ్ళు తిరిగాడో నాకు లెక్క తెలుసు, ఈ లిస్టు మీద నేను ఓడిపోతాననీ తెలుసు. అయినా అడగలేదు. ఆడవాళ్ళ చేతికి ఓటొస్తే అందరూ నీకే వేస్తారు, ఇంకా ఘోరంగా ఓడిపోతానని భయమేసింది."

కిరణ్మయి అతనికేసి చూసింది. పుష్పలీల మాట నాలుక చివరి దాకా వచ్చింది. చెబితే అతనికి ఎంత ధైర్యమొస్తుందో తెలుసు. ఒక్క క్షణం ఆలోచించి చెప్పేసింది. పుష్పలీల పేరు చెప్పలేదు, మాట మాత్రం చెప్పింది.

"ఆడవాళ్ళంతా నాకు వేయరు జయకృష్ణా. ఇవాళే ఒకామె మొహం మీదే చెప్పింది. వాళ్ళకు నచ్చినవాళ్ళకి వేసుకుంటారు. నువ్వూ భయపడక్కర్లేదు, నేనూ ధైర్యపడక్కర్లేదు."

జయకృష్ణ తల గోక్కున్నాడు. "ఒక మాటక్కా. ఈ మూడు వారాల్లో నేను ఎన్ని ఇళ్ళకు వెళ్ళానో. మీ ఆవిడ ఒప్పుకుందా అని నన్ను ఒక్కరూ అడగలేదు. నిజానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. వారాంతాలన్నీ సంఘానికే పోతున్నాయని నాతో వారం రోజులు మాట్లాడలేదు. నిన్నేమో, మొగుడు ఒప్పుకుని నీకోసం ఇల్లిల్లూ తిరుగుతున్నా, అందరూ అడిగారట." సంతకం పెట్టేశాడు. పెన్ను ఆమెకి ఇచ్చాడు.

కిరణ్మయి పెట్టేముందు కాగితం కింద ఖాళీలో ఒక వాక్యం రాసింది. ఈ లోపం తాను కార్యదర్శిగా తయారుచేసిన ఫారం వల్ల వచ్చిందని, అందుకు బాధ్యత తనదేనని. ఆ తర్వాత తన పేరు రాసి గీత గీసింది. రామమోహనరావు గారు ఆ వాక్యం చదివి, "ఇది గ్రూపులో పెడితే నీకు ఓట్లు పోతాయేమోనమ్మా," అన్నారు మెల్లగా. "పెట్టండి అంకుల్," అంది. అయిదింటికి ఇంకా పది నిమిషాలుండగా సంఘం గ్రూపులో నోటీసు పడింది. ప్రతి సభ్యుడూ, ప్రతి సభ్యురాలూ ఎవరి మెయిలు వాళ్ళే పంపాలి, పంపినవాళ్ళకే ఓటు, గడువు ఆదివారం సాయంత్రం దాకా. అయిదు నిమిషాల్లో పదకొండు మెయిళ్ళు వచ్చాయి. అన్నీ ఆడవాళ్ళవే. డాక్టరు గారు కళ్ళజోడు సవరించుకుని ఒక్కో పేరూ పైకి చదువుతుంటే జయకృష్ణ, కిరణ్మయి ఆయన కుర్చీ వెనక నిలబడి విన్నారు. ఎవరి ఓటు ఎవరికో ఇద్దరికీ తెలీదు. ఆ సంఘంలో ముప్ఫై ఏళ్ళలో అలా తెలియకపోవడం అదే మొదటిసారి.

ప్రసాద్ అంతసేపూ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. బయటికి వచ్చాక తనే డ్రైవింగ్ సీట్లో కూర్చున్నాడు గానీ కారు తీయలేదు. సన్నగా వాన మొదలైంది. అతని ఫోను మోగుతూనే ఉంది. తొంభై అయిదు ఇళ్ళలో ఎవరో ఒకరు, ఇదేంటి బావా అని అడగడానికి. అతను ఎత్తలేదు.

"నామీద కోపం పోలేదు కదా?" అన్నాడు.

"పోలేదు. పోవడానికి టైము పడుతుంది. నీలిమకి ఫోన్ చేసి చెప్పాక చూద్దాం."

"నేను చేస్తాను. చెప్పాల్సింది నేను."

కిరణ్మయి సరేనంది. పొద్దుటి నుంచి డాక్టరు గారిచ్చిన టీ తప్ప ఆమె ఏమీ తీసుకోలేదు. ఒళ్ళంతా అలసటగా ఉంది, అయినా మనసులో బరువు దిగినట్టే ఉంది. ఓడిపోయినా ఫరవాలేదనిపించింది. ఇంట్లో రెండు ఓట్లు మాత్రం ఖాయం కదా అనుకుంది. తనది ఒకటి, ప్రసాద్‌ది ఒకటి, ఆ రెండూ ఉన్నాయి, మిగతావి ఎలా పడితే అలా పడనీ అనుకుంది. అనుకున్నాక, ఇవాళ నేర్చుకున్న పాఠం ప్రకారం, అడక్కుండా అలా అనుకోకూడదని తోచింది. సగం వేళాకోళంగానే అడిగింది.

"రేపు మీ లింకు మీకొస్తుంది, నా లింకు నాకొస్తుంది. మీరు ఎవరికి వేస్తున్నారు?"

ప్రసాద్ నవ్వలేదు. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి, ఎదురుగా అద్దం మీద పడుతున్న వాన చూస్తూ ఉండిపోయాడు. కిరణ్మయి అతని వైపు తిరిగింది.

"నిజం చెప్పమంటావా?" అన్నాడు.

"చెప్పండి."

"జయకృష్ణకి."

 కిరణ్మయి, మూడు వారాలు తన కోసం తొంభై అయిదు ఇళ్ళు తిరిగిన మనిషి మొహంలోకి, అతను ఎవరో ఇప్పుడే చూస్తున్నట్టుగా చూసింది.

"ఎందుకో అడుగు కిరణా," అన్నాడు ప్రసాద్. "పోయినసారిలా దాచను. కానీ విన్నాక, నువ్వు పోటీలో ఉండాలా వద్దా అన్నది ఈ రాత్రికే తేల్చుకోవాల్సి వస్తుంది."